ఆ జాబితాలో లేని ఆవిడ

రాక్ అండ్ రోల్ అనగానే మనకి ఎల్విస్ ప్రెస్లీ గుర్తొస్తాడు. నుదుటి మీద పడే జుట్టు, ఊగే నడుము, ఎదురుగా కేకలు పెట్టి సొమ్మసిల్లే ఆడపిల్లలు. ఆ సంగీతంలో ఆడవాళ్ళ వంతు ఆ కేకలే కాబోలనుకుంటాం. అనుకోమూ మరి? 1986లో అమెరికాలో 'రాక్ అండ్ రోల్ హాల్ ఆఫ్ ఫేమ్' వారి మొట్టమొదటి సన్మానాల జాబితాలో ప్రెస్లీ ఉన్నాడు, చక్ బెరీ ఉన్నాడు, లిటిల్ రిచర్డ్ ఉన్నాడు. ఆడపేరు మచ్చుకి ఒక్కటి లేదు!

అందుకే రొసెటా థార్ప్ గురించి మీకు చెప్పాలనిపించింది.

1915లో అర్కాన్సా రాష్ట్రంలో కాటన్ ప్లాంట్ అనే చిన్న ఊళ్ళో పుట్టిందీవిడ. తల్లి మాండొలిన్ వాయిస్తూ దైవప్రబోధాలు చేసేది. భర్తని విడిచి, ఆరేళ్ళ కూతుర్ని వెంటబెట్టుకుని షికాగో చేరింది. అప్పటికే ఆ పిల్ల గిటారు వాయిస్తూ పాడేది. వాళ్ళ చర్చిలో భక్తంటే చప్పట్లు, గంతులు, కేరింతలు. నాలుగు దెబ్బల తాళంలో మనం మొదటి దెబ్బ మీద బరువేస్తామా, అక్కడ చప్పట్లు రెండో దెబ్బ మీదా నాలుగో దెబ్బ మీదా పడతాయి. ఒకసారి వేసి చూడండి, కూచున్న మనిషి కూచోలేదు. రాక్ అండ్ రోల్ గుట్టు సగం ఇందులోనే ఉంది. మిగతా సగం ఎలక్ట్రిక్ గిటారు. రొసెటా ఒక పాదం పాడి ఆగేది, గిటారు చేత జవాబు చెప్పించేది. అక్కాచెల్లెళ్ళు వాదించుకుంటున్నట్టే ఉంటుంది.

1938లో న్యూయార్కు కాటన్ క్లబ్బులో, తాగేవాళ్ళ మధ్య దేవుడి పాటలు పాడింది. చర్చివాళ్ళు మండిపడ్డారు. ఆవిడ దేవుణ్ణీ వదల్లేదు, గిటారునీ వదల్లేదు. 1944లో రికార్డు చేసిన 'స్ట్రేంజ్ థింగ్స్ హాపెనింగ్ ఎవ్రీ డే' మరుసటేడు నల్లవారి పాటల పట్టికలో రెండో స్థానం దాకా ఎక్కింది. తొలి రాక్ అండ్ రోల్ రికార్డు అదేనని కొందరు, కాదు 1951 నాటి 'రాకెట్ 88' అని కొందరు. ఈ తగవు తీరేది కాదు గానీ, నా ఓటు రొసెటాకే. ఆ పాట రికార్డయ్యేనాటికి ప్రెస్లీ తొమ్మిదేళ్ళ పిల్లవాడు!

1947లో జార్జియాలోని మేకన్‌లో కచేరీకి ముందు ఒక కుర్రాడి గొంతు విని, వేదిక మీదికి పిలిచి పాడించి, చేతిలో డబ్బు పెట్టింది. 14 ఏళ్ళ ఆ కుర్రాడే లిటిల్ రిచర్డ్. దక్షిణాది ఊళ్ళలో నల్లవాళ్ళకి తెల్లవాళ్ళ హోటళ్ళలో గది ఇచ్చేవారు కాదు. వేలమంది చప్పట్లు కొట్టిన రాత్రే ఆవిడ బస్సులో పడుకునేది.

1951లో ఆవిడ మూడో పెళ్ళి చిత్రమైనది. వాషింగ్టన్‌లో ఆటల మైదానంలో టిక్కెట్టు పెట్టి చేసుకుంది. ముందు కచేరీవాళ్ళతో ఒప్పందం, తరవాత వరుడి వేట! 20 వేల పైచిలుకు జనం వచ్చారు. తలంచుకు కూచోవలసిన పెళ్ళికూతురు పెళ్ళిబట్టల్లోనే గిటారు అందుకుంది.

ఆ తరవాత కుర్రాళ్ళ రోజులొచ్చాయి. బిగ్ మామా థార్న్‌టన్ పాడిన 'హౌండ్ డాగ్' 1953లో ఏడు వారాలు నల్లవారి పట్టికలో మొదటి స్థానంలో నిలిచింది. దానికి తనకి ముట్టింది 500 డాలర్లని ఆవిడే చెప్పుకుంది. 1956లో అదే పాట ప్రెస్లీ పాడితే లక్షల్లో అమ్ముడయింది. రొసెటా పేరూ మెల్లగా మరుగున పడింది. చక్కెర జబ్బుతో కాలు పోయింది. 1973లో ఫిలడెల్ఫియాలో పోయింది. సమాధి మీద పేరు చెక్కిన రాయి కూడా లేదు. 2008లో అభిమానులు కచేరీ పెట్టి డబ్బు పోగుచేశాకే ఆ రాయి వచ్చింది. ఆ జాబితాలో ఆవిడ పేరు చేరేసరికి 2018.

ఆవిడని చూడాలనుంటే 1964లో ఇంగ్లండులోని మాంచెస్టర్‌లో తీసిన టెలివిజన్ చిత్రం ఉంది. మూతపడ్డ రైల్వేస్టేషను. ఒక ప్లాట్‌ఫారం మీద కుర్రకారు, ఎదుటి ప్లాట్‌ఫారం మీద ఆవిడ. వాన పడింది. వెంటనే పాడబోయే పాట మార్చి, నోవా కాలంనాటి జలప్రళయం పాట ఎత్తుకుంది. 49 ఏళ్ళ మనిషి, పొడుగు కోటు, భుజాన తెల్ల గిటారు.