కరణం కైఫియత్తు, కూలి కైఫియత్తు: వేముల గనుల ఫొటోలూ నోటి సాక్ష్యాలూ

స్థానిక చరిత్ర సదస్సుల్లో ఒక మాట తరచూ వినపడుతుంది: "నోటిమాట ఆధారం కాదు, కాగితం చూపించండి." ఈ మాట అనేవాళ్లే రెండు పేజీలు తిరక్కముందే కైఫియత్తును ఉటంకిస్తారు. 1800లో సీడెడ్ జిల్లాలు కుంఫిణీ చేతికి వచ్చాక కాలిన్ మెకంజీ మనుషులు ఊరూరా తిరిగి, కరణాల్నీ పెద్దల్నీ అడిగి రాయించుకున్నదే గదా కైఫియత్తు! శాసనం నకలో దండకవిలె (ఊరి పాత లెక్కల పుస్తకం) ముక్కో అందులో ఉంటే ఉండొచ్చు. మిగతాదంతా పెద్దలు చెప్పగా విన్నదే. సి.పి. బ్రౌన్ దొర వాటికి మళ్లీ నకళ్లు తీయించాడు. మన కాలంలో కట్టా నరసింహులు కడప జిల్లా కైఫియత్తుల్ని పరిష్కరించి అచ్చులోకి తెచ్చారు. రెండు వందల ఏళ్లలో నోటిమాట కాస్తా ఆధారమైపోయింది. పులివెందుల దగ్గరి వేముల ముగ్గురాయి (బెరైటీస్) గనిలో గంప మోసిన మనిషి చెప్పేది మాత్రం ఇంకా ఊసుపోక కబురే.

ఈ తేడాకు సిద్ధాంత బలం చేకూర్చిన పుస్తకం, నా దృష్టిలో, వెల్చేరు నారాయణరావు, డేవిడ్ షూల్మన్, సంజయ్ సుబ్రహ్మణ్యం కలిసి రాసిన 'టెక్స్చర్స్ ఆఫ్ టైమ్' (2001). చరిత్ర స్పృహ తెల్లవాళ్లతో వచ్చింది కాదని, 1600–1800 మధ్య దక్షిణాదిలో కరణాల చేతి మీదుగా చరిత్ర రచన బలంగా సాగిందని వాళ్లు నిరూపించారు. ఆ మేరకు మనమంతా వాళ్లకు బాకీ. నా తగాదా ఆ తర్వాతి మెట్టు దగ్గర. చరిత్రకారుడి పీట మీద కరణాన్ని కూర్చోబెట్టాక, కరణం లెక్కల్లో పేరు ఎక్కనివాళ్ల సంగతి ఏమిటి? దేశింగు రాజు కథ లాంటి నోటి కథల్నీ వాళ్లు చర్చించారు, కాదనను. అక్కడా కథ రాజుదీ యుద్ధానిదీ. కూలి రేటు, గని గుంత, దుమ్ము ఆ చట్రంలో ఇమడవు.

ఫొటోల దగ్గరికి వస్తే మా మూడు ఊళ్లవీ మూడు దారులు. ప్రొద్దుటూరు 1915లోనే మునిసిపాలిటీ. బంగారమూ పత్తీ నడిపిన బజారు కాబట్టి షావుకార్ల ఇళ్లలో పటాలకు కొదవ లేదు, అమ్మవారిశాల దసరా ఊరేగింపు ఫొటోలకూ కొదవ లేదు. జమ్మలమడుగులో లండన్ మిషన్ వాళ్లు క్యాంబెల్ ఆసుపత్రి కట్టారు. ఆ మిషన్ కాగితాలు లండన్‌లో సోయస్ గ్రంథాలయంలో ఉన్నాయి. పులివెందుల వైపుకే ఇటువంటి ఆసరా లేదు. వేముల చుట్టుపక్కల ముగ్గురాయి, రాతినార (ఆస్‌బెస్టాస్) గురించి భూగర్భ సర్వే తరఫున కౌల్సన్ 1930లలోనే విడివిడిగా గ్రంథాలు రాశాడు. అవి రాయిని గురించినవి, మోసినవాళ్లతో వాటికి పని లేదు.

అందుకే వేముల మండలంలో ఒకప్పటి మేస్త్రీ ఇంట్లో దొరికిన ఒక ఫొటో మీద కాస్త ఎక్కువసేపు నిలుస్తాను. ఫ్రేము విప్పితే అట్ట వెనక వంగపండు రంగు సిరాతో ప్రొద్దుటూరు స్టూడియో ముద్ర కనిపించింది. ముందు వరసలో కుర్చీల మీద ముగ్గురు, వాళ్ల కింద తెల్ల అక్షరాలతో పేర్లు. వెనక నిలబడ్డ పన్నెండుమంది ఆడవాళ్లకు పేర్లు లేవు. కాళ్ల దగ్గర బోర్లించిన గంపలు. ఫొటో పైభాగమంతా తెల్లబారి ఉంటే, "వెలిసిపోయింది సార్" అన్నాడు ఇంటాయన. పక్కనే కూర్చున్న అవ్వ ఒప్పుకోలేదు. ఆమె ఆ గనిలో పనిచేసిన మనిషి.

"వెలిసేది కాదప్పా, ముగ్గుపిండి. పని మద్యలో పిలిచినారు, దులుపుకోనియ్యల్యా."

తర్వాత వేలు పెట్టి ఒక్కొక్కరినే చెప్పుకుంటూ పోయింది. తొమ్మిదిమంది పేర్లు వచ్చాయి, ఎవరు ఎవరికి ఏమవుతారో సహా. కడాకు నిలబడ్డ మగమనిషి గనిలోకి దిగినవాడే కాడట, షావుకారు కారు తోలేవాడట. మరి గని మగవాళ్లేరీ అంటే, "గుంతలో ఉండారు, వాళ్లను పైకి పిలవల్యా" అంది. ఒక్క మాటతో ఫొటో అర్థం మారిపోయింది. పటం తీస్తున్నంతసేపూ కింద పని ఆగలేదన్నమాట. ఏ రిజిస్టరూ చెప్పని సంగతి ఇది. పిల్లల్ని పనికి పెట్టుకోలేదని కూడా అవ్వ అంది గానీ, ఫొటో అంచున పదేళ్ల పిల్లవాడి నెత్తిన చుట్టకుదురు ఉంది.

ఆ తెల్లదనం మరక కాదనీ దుమ్మేననీ ఒప్పుకున్నాక, పులివెందుల చరిత్రను పాళెగాళ్ల నుంచి ఫ్యాక్షన్ దాకా గీసిన సరళరేఖ నిలబడదు. ఈ నేలను నడిపింది కత్తి కాదు, గంప. తుమ్మలపల్లె యురేనియాన్ని కొత్త కథగా రాస్తున్నవాళ్లు, అదే వేముల మండలంలో అంతకు ముందు తరాలు పీల్చిన దుమ్మును లెక్కలోకి తీసుకోవడం లేదు. చీనీ తోటలు, అరటి తోటలు అని పొగిడే వ్యాసాలదీ అదే దారి.

చేయవలసిన పని పెద్దదేమీ కాదు. కడప సి.పి. బ్రౌన్ కేంద్రం కైఫియత్తుల్ని అచ్చువేసింది. అదే కేంద్రం ఈ ఫొటోల్నీ వాటి గురించి చెప్పినవాళ్ల గొంతుల్నీ ఒకే నంబరు కింద భద్రపరచాలి. చెప్పినవాళ్ల అనుమతి తీసుకోవాలి. చెప్పేటప్పుడు పక్కన ఎవరున్నారో కూడా రాసుకోవాలి, మేస్త్రీ కొడుకు ఎదుట ఒకలా, లేనప్పుడు ఒకలా మాట వస్తుంది గనక. ఫొటోను ముందూ వెనకా రెండువైపులా స్కాన్ చేయాలి. ఇప్పుడు శతాబ్ది సంచికల కోసం ఫొటోలు సేకరిస్తున్నవాళ్లు ముఖాల వరకు కత్తిరించుకుని, స్టూడియో ముద్ర ఉన్న అట్టను పారేస్తున్నారు.