మల్లినాథుడి ఫుట్‌నోట్లు

డిగ్రీలో ఉండగా ఒక సీనియర్ ప్రాజెక్టు రిపోర్టులోంచి మూడు పేజీలు ఎత్తి, అక్కడక్కడా మాటలు మార్చి, నా పేరుతో ఇచ్చేశాను. వైవాలో మేడమ్ ఒక వాక్యం మీద వేలు పెట్టి, "ఇది ఎక్కడిది?" అని అడిగారు. నీళ్లు నమిలాను. ఆవిడ రెట్టించలేదు, మార్కులూ బాగానే వచ్చాయి. కానీ నా పేరు కింద ఉన్న వాక్యానికి ఆధారం ఏమిటో నాకే తెలియదన్న సిగ్గు మిగిలిపోయింది.

సైటేషన్లు, ఫుట్‌నోట్లు అన్నీ యూనివర్సిటీలతో పాటు తెల్లవాళ్లు తెచ్చిన తంతు అని అప్పట్లో సర్దిచెప్పుకునేవాణ్ని. అదీ తప్పేనని తర్వాత తెలిసింది.

క్రీ.శ. 900 ప్రాంతంలో కనోజ్ ఆస్థానంలో ఉన్న రాజశేఖరుడు 'కావ్యమీమాంస'లో మూడు అధ్యాయాలు ఈ ఎత్తిపోతల మీదే రాశాడు. మాటల్ని ఎత్తుకోవడం శబ్దహరణం, భావాన్ని ఎత్తుకోవడం అర్థహరణం. కవులూ వర్తకులూ ఎంతో కొంత దొంగలేనని ఒప్పేసుకుంటాడు కూడా. అయినా అన్నిటినీ ఒకే గాటన కట్టడు. భావమంతా అదే ఉంచి మాటలు మాత్రం మార్చితే దాని పేరు ప్రతిబింబకల్పం, అంటే అద్దంలో నీడ. కవి అన్నవాడు దాని జోలికి పోకూడదు. నేను చేసింది సరిగ్గా అదే! తమాషా ఏమిటంటే, ఈ ప్రతిబింబం పోలిక రాజశేఖరుడి సొంతం కాదు. అంతకు ముందే ఆనందవర్ధనుడు 'ధ్వన్యాలోకం'లో చెప్పాడు.

కవుల సంగతి అలా ఉంచి, వ్యాఖ్యాతల దగ్గరికి వద్దాం. స్టూడెంట్ రాసే వ్యాసానికి దగ్గరి చుట్టం కావ్యం కాదు, వ్యాఖ్యానం. అక్కడ మనకో సొంత మనిషి ఉన్నాడు: కోలాచల మల్లినాథ సూరి. ఊరు మెదక్ దగ్గరి కొల్చారం అంటారు. కాళిదాసు కావ్యాలకు రాసిన 'సంజీవని' మొదట్లోనే ఆయన రెండు షరతులు పెట్టుకున్నాడు: ఆధారం లేనిది రాయను, అవసరం లేనిది చెప్పను. తనకంటే ముందు ఈ దారి తొక్కిన దక్షిణావర్తనాథుణ్ని పేరు పెట్టి తలుచుకున్నాడు. ఇక లోపల ఏ పుట తిప్పినా, పదానికి అర్థం చెప్పగానే 'ఇత్యమరః' అంటాడు. అంటే, అమరకోశం ఇలా చెప్పింది అని. వ్యాకరణం దగ్గరికొస్తే పాణిని సూత్రం చూపిస్తాడు.

పేజీ నంబరు ఉండదు కదా అనొచ్చు. తాటాకు ప్రతుల్లో పేజీ ప్రతికీ మారుతుంది. పైగా ఆయన పాఠకులకు అమరకోశం కంఠతా వచ్చు. పేరు చెబితే చాలు, వాళ్లే వెళ్లి సరిచూసుకుంటారు. మనకేదీ కంఠతా రాదు కాబట్టి రచయిత, పుస్తకం, సంవత్సరం, పుట అన్నీ కావాలి. పద్ధతి మారింది గానీ పని అదే: పాఠకుడు మన మాట నమ్మక్కర్లేకుండా తానే వెళ్లి చూసుకునే దారి ఉంచడం. రెండో షరతూ మరిచిపోకూడదు. చదవని ఇరవై పుస్తకాల పేర్లు చివర తగిలించడం కూడా అబద్ధమే.

ఇప్పుడు ఏది చదివినా పక్కన పుట సంఖ్య రాసుకుంటున్నాను. మాటలు నావైనా ఆలోచన ఇంకొకరిదైతే పేరు చెబుతున్నాను. ఆ పాత రిపోర్టు మాత్రం కాలేజీ లైబ్రరీలో ఎక్కడో ఉండే ఉంటుంది. అందులో ఆ సీనియర్ పేరు ఇప్పటికీ లేదు.