ఎవరి కొలతకు ఈ బెల్టు?

సూరారం చౌరస్తా దాటిన రెండు రోజులకు నా ఫోనుకు చలానా వచ్చింది. బ్యాంకు అప్పు నా జీతం మీద తీసుకున్నాం కాబట్టి కారు నా పేరున ఉంది. ఫోటోలో బండి నడుపుతున్నది మా ఆయన. ఆయన బెల్టు పెట్టుకున్నారు. పక్కన ఒళ్లో సంచితో కూర్చున్న నేను పెట్టుకోలేదు. "తప్పు నీదే కదా, కట్టెయ్" అన్నారు నవ్వుతూ.

తప్పు నాదే. కానీ ఎందుకు పెట్టుకోలేదు? ఆ పట్టీ ఎప్పుడూ నా మెడను ఒరుసుకుంటుంది. ఛాతీ మీద ఎటు సర్దినా ఇబ్బందే. ఇన్నేళ్లూ దాన్ని నా ఒంటి లోపమనే అనుకున్నాను.

మూడు చోట్ల బిగిసే ఈ బెల్టును 1959లో వోల్వో కంపెనీ ఇంజనీరు నీల్స్ బోలిన్ రూపొందించాడు. 1970లో ఆస్ట్రేలియాలోని విక్టోరియా రాష్ట్రం దాన్ని తప్పనిసరి చేసింది. 1976లో వచ్చిన హైబ్రిడ్-3 అనే పరీక్ష బొమ్మ సుమారు 175 సెంటీమీటర్ల ఎత్తు, 78 కిలోల బరువున్న మగవాడు. కార్ల భద్రతను దశాబ్దాలుగా ప్రధానంగా ఆ దేహం మీదే కొలిచారు. ఆడబొమ్మ పేరుతో వాడింది చాలావరకు ఆ మగబొమ్మకు కురచ రూపమే. బెల్టు పెట్టుకుని నడిపే స్త్రీలు, అదే రకం ప్రమాదంలో, బెల్టు పెట్టుకున్న పురుషుల కన్నా తీవ్రంగా గాయపడే అవకాశం 47 శాతం ఎక్కువని 2011లో అమెరికాలోని వర్జీనియా విశ్వవిద్యాలయ పరిశోధకులు చెప్పారు. సగటు స్త్రీ దేహానికి తగిన బొమ్మను స్వీడన్‌లో ఆస్ట్రిడ్ లిండర్ బృందం 2022లో గానీ లోకానికి చూపలేదు.

అయితే బెల్టు వద్దనడానికి ఇది సాకు కాదు. ముందు సీట్లలో ఉన్నవాళ్ల మరణ ప్రమాదాన్ని బెల్టు దాదాపు సగానికి తగ్గిస్తుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క. 2014 ఏప్రిల్ 23 రాత్రి ఎన్నికల ప్రచారం ముగించుకుని ఆళ్లగడ్డకు వెళ్తున్న శోభా నాగిరెడ్డి వాహనం బోల్తా పడింది. మర్నాడు హైదరాబాద్‌లో ఆమె చనిపోయారు. బెల్టు పెట్టుకోలేదనీ, బండిలోంచి బయటికి పడిపోయారనీ అప్పట్లో వార్తలు వచ్చాయి. ఆ ఎన్నికలో, చనిపోయాక కూడా, ఆమే గెలిచారు. రాజకీయాల్లో చోటు సంపాదించుకున్న స్త్రీని అలా పోగొట్టుకున్నాం.

మన దేశంలో 1994 నుంచి కార్ల ముందు సీట్లకు, 2002 నుంచి వెనుక సీట్లకు బెల్టులు అమర్చాలన్నారు. 2019లో మోటారు వాహనాల చట్టానికి చేర్చిన 194-బి సెక్షన్ జరిమానాను వెయ్యి రూపాయలు చేసింది. దాని కిందే ఒక మినహాయింపు ఉంది. నిలబడి ప్రయాణించేవాళ్లను ఎక్కించుకునే వాహనాలను రాష్ట్ర ప్రభుత్వాలు దీని నుంచి తప్పించవచ్చు. 2023 డిసెంబర్ 9న మహాలక్ష్మి పథకం మొదలయ్యాక పొద్దున పూట మా నర్సాపూర్ రోడ్డు బస్సుల్లో కడ్డీ పట్టుకుని నిలబడేవాళ్లలో నాకు ఎక్కువగా కనిపించేది ఆడవాళ్లే. ఉచిత టికెట్టు వాళ్లకు చాలా ఇచ్చింది. కూర్చునే చోటు మాత్రం పెరగలేదు.

జీడిమెట్ల పారిశ్రామికవాడకు షేర్ ఆటోలో వెళ్లే మా వీధి ఆమెకు నా చలానా సంగతి చెప్పాను. "మాకేం బెల్టక్కా, పక్కనున్నామె చెయ్యి గట్టిగ పట్టుకునుడే" అంది.

నిజానికి ఆడవాళ్ల ఒంటిని, కట్టును గుర్తుపెట్టుకున్న నిబంధన ఒకటి 1989 నుంచే ఉంది. కేంద్ర మోటారు వాహనాల నిబంధనల్లో 123వది. మోటారు సైకిలు వెనుక కూర్చునేవాళ్లకు పట్టుకునే పిడి, కాలు పెట్టుకునే చోటు, బట్టలు చక్రంలో చిక్కకుండా సగం చక్రాన్నైనా కప్పే అడ్డు ఉండాలి. మనం శారీ గార్డు అనేది దాన్నే. బండి అందం చెడుతుందని కుర్రాళ్లు దాన్ని ఊడదీయించుకుంటారు. అమ్మో, అక్కో ఒకవైపుకు కూర్చుని కొంగు ఒళ్లోకి లాక్కుంటుంది. నాకు వచ్చిన చలానాల్లోగానీ, తెలిసినవాళ్ల చలానాల్లోగానీ శారీ గార్డు లేదన్న మాట ఒక్కసారీ చూడలేదు. ఫోటోలో తేలిగ్గా పడే తప్పుకే చలానా వస్తోంది. చక్రం పక్క వేలాడే కొంగు ఎవరి లెక్కలోకీ రావడం లేదు.

చలానా కట్టేశాను. తలుపు పక్కన బెల్టు ఎత్తును తగ్గించే మీట ఒకటుందని కారు కొన్న నాలుగేళ్లకు తెలిసింది. అమ్మినవాళ్లు దాన్ని మా ఆయనకు చూపించారట, ఆయనకు దానితో అవసరం పడలేదు. కిందికి దించాను. ఇప్పుడు పట్టీ మెడకు తగలడం లేదు. ఆ ఆటోలో కూర్చున్నామె కోసం దించడానికి మాత్రం ఏ మీటా లేదు. దాని గురించి అడగాల్సింది మనమే.