ప్రసూతి విషాదాల్లో కుటుంబాల పక్షాన: ఇంగ్లండ్‌లో స్వతంత్ర సహాయకుల చరిత్ర

ప్రసవంలో తల్లో బిడ్డో చనిపోతే, పుట్టిన బిడ్డ మెదడు దెబ్బతింటే, ఏం జరిగిందో తేలేదాకా ఆ ఇంటివాళ్ల వెంట ఉండే మనిషిని ఇంగ్లండ్ ప్రభుత్వ వైద్యసేవలో ‘స్వతంత్ర సీనియర్ అడ్వొకేట్’ అంటారు. తెలుగులో అడ్వొకేట్ అనగానే నల్లకోటు, కోర్టు గుర్తుకొస్తాయి. వీళ్లు ఆ పని చేయరు. కేసు వేయరు, పరిహారం లెక్కకట్టరు, వైద్యం తప్పో ఒప్పో తేల్చరు. కేస్‌షీటులో ఏముందో కుటుంబానికి అర్థమయ్యేలా చేస్తారు, విచారణ ఎంతవరకు వచ్చిందో కనుక్కుంటారు, డాక్టర్లతో మాట్లాడే రోజున తల్లిదండ్రుల పక్కన కూర్చుంటారు. పైకి చిన్నదిగా కనిపించే ఈ సాయం ఒక ఉద్యోగంగా మారడానికి అరవై ఏళ్లకు పైగా పట్టింది.

జాతీయ ఆరోగ్య సేవ 1948లో మొదలైంది. తల్లుల మరణాలపై గోప్య విచారణలు 1952 నుంచి జరుగుతున్నాయి. పేర్లు తీసేసి, ఎవరినీ దోషిగా నిలబెట్టకుండా, ప్రతి మరణం నుంచి పాఠం తీయడం వాటి పద్ధతి. ప్రసూతి వైద్యానికి అవి ఎంతో నేర్పాయి. అయితే అది వైద్యులు వైద్యులతో చేసుకున్న సంభాషణ. భార్యను పోగొట్టుకున్న భర్తకు అందులో చోటు లేదు. బిడ్డ చనిపోయి పుడితే పరిస్థితి మరీ దారుణం. చాలా ఆస్పత్రుల్లో బిడ్డను తల్లి కంటపడకుండానే తీసుకెళ్లేవారు. గుర్తుగా రాయైనా లేని ఉమ్మడి గోతుల్లో పూడ్చేవారు. మరిచిపోయి ఇంకో బిడ్డను కనమనేవారు. ఎక్కడ పూడ్చారో తెలియకుండానే ఎందరో తల్లులు ముసలివాళ్లయ్యారు.

ఈ మౌనం పత్రికల్లో పగిలింది. 1960లో శాలీ విల్లింగ్‌టన్ అనే తల్లి తన ఆస్పత్రి అనుభవం గురించి పత్రికకు రాసిన ఉత్తరం నుంచి ప్రసూతి సేవల మెరుగుదల సంఘం పుట్టింది. దానికి మొదట అనుకున్న పేరు ‘గర్భిణులపై క్రూరత్వ నివారణ సంఘం’. ఆ పేరులోనే కోపమంతా ఉంది. 1976లో బెల్ మూనీ అనే రచయిత్రి తనకు చనిపోయి పుట్టిన బిడ్డ గురించి గార్డియన్‌లో రాశారు. రెండేళ్లకు, 1978లో, అలాంటి తల్లిదండ్రుల కోసం సంఘం ఏర్పడింది; నేటి ‘శాండ్స్’ అదే. బిడ్డను చూసుకోవచ్చని, ఎత్తుకోవచ్చని, ఫొటో ఉంచుకోవచ్చని ఆస్పత్రులు ఒప్పుకోవడంలో ఇలాంటి తల్లిదండ్రుల పాత్ర పెద్దది. వైద్య ప్రమాద బాధితుల సంస్థ 1982లో వచ్చింది. పీటర్ రాన్స్‌లీ రాసిన ఒక టీవీ నాటకం చూసిన జనం స్పందించిన తీరే దానికి కారణం.

ప్రభుత్వం వైపు నుంచి 1974లో స్థానిక ఆరోగ్య మండళ్లు వచ్చాయి. సభ్యుల్లో సగం మందిని స్థానిక సంస్థలు, మూడోవంతును స్వచ్ఛంద సంఘాలు నియమించేవి. ఫిర్యాదు రాయడం తెలియనివాళ్లకు మండలి కార్యాలయమే దిక్కు. 2003లో వీటిని ఇంగ్లండ్‌లో రద్దు చేశారు. ఫిర్యాదులకు సాయపడే వేరే సేవ పెట్టినా, 2013లో దాన్ని స్థానిక సంస్థలకు అప్పగించినా, అది అన్ని రోగాలకూ ఒకే గొడుగు. ప్రసూతి విషాదాన్ని ప్రత్యేకంగా ఎరిగిన మనిషి అందులో ఉండాలన్న నియమం లేదు. మండళ్ల రద్దు తొందరపాటు. ఆ లోటు ఎంతటిదో తరువాతి ఇరవై ఏళ్లు చూపించాయి.

బారోలోని ఫర్నెస్ జనరల్ ఆస్పత్రిలో 2004 నుంచి 2013 వరకు జరిగినదాన్ని బిల్ కిర్కప్ విచారించి 2015లో నివేదిక ఇచ్చారు. మెరుగైన వైద్యం అంది ఉంటే 11 మంది శిశువులు, ఒక తల్లి బతికే అవకాశం ఉండేదని తేలింది. నిజం బయటికి రావడానికి ఏళ్లతరబడి కాళ్లరిగేలా తిరిగింది తల్లిదండ్రులే.

ష్రూస్‌బరీ, టెల్ఫర్డ్ ఆస్పత్రుల్లోనూ అంతే. బిడ్డలను పోగొట్టుకున్న రెండు కుటుంబాలు పాత వార్తలు, విచారణ పత్రాలు తిరగేసి 23 ఘటనల జాబితా తయారుచేసి, 2016 చివర్లో ఆరోగ్యమంత్రికి పంపాయి. దుఃఖంలో ఉన్నవాళ్లే దర్యాప్తు అధికారుల పని చేయాల్సి వచ్చింది. 2017లో డోనా ఆకెండెన్ అనే సీనియర్ మిడ్‌వైఫ్‌కు సమీక్ష అప్పగించారు. 23తో మొదలైన లెక్క 1,486 కుటుంబాలకు చేరింది. సరైన వైద్యం అంది ఉంటే 201 మంది శిశువులు బతికి ఉండేవారేమోనని 2022 మార్చిలో తుది నివేదిక చెప్పింది.

అడ్వొకేట్ ఉద్యోగానికి పునాది అంతకు ముందే, 2020 డిసెంబరు 10న వచ్చిన తొలి నివేదికలో పడింది. 250 కేసులు చూసిన ఆ నివేదిక, కొన్నిచోట్ల బిడ్డ పోయినందుకు తల్లినే తప్పుపట్టారని రాసింది. దేశమంతటా వెంటనే చేయాల్సిన ఏడు పనుల్లో రెండోది, తల్లుల మాట, కుటుంబాల మాట వినడం. స్వతంత్ర సీనియర్ అడ్వొకేట్ ఉండితీరాలని, డాక్టర్లతో సమావేశాలకు వెళ్లే కుటుంబాలకు అందుబాటులో ఉండాలని అందులో ఉంది. ఈ అడ్వొకేట్ ఆస్పత్రిని నడిపే ట్రస్టుకూ, ఆ ప్రాంత ప్రసూతి సేవల బోర్డుకూ కూడా నివేదించాలన్నారు.

‘స్వతంత్ర’ అన్న మాట దగ్గరే చిక్కంతా ఉంది. తప్పు జరిగిన ఆస్పత్రే జీతమిస్తే ఆ మనిషిని తల్లి నమ్ముతుందా? అందుకే అమలులో అడ్వొకేట్లను ట్రస్టుల నుంచి తప్పించి, ప్రాంతీయ ఆరోగ్య బోర్డుల కింద పెట్టారు. మృతశిశువు, నవజాత మరణం, మెదడుకు దెబ్బ, తల్లి మరణం, అనుకోకుండా గర్భసంచి తీసేయాల్సి రావడం వంటివి వీరి పరిధిలోకి వచ్చాయి. ఆ బోర్డులు సైతం అదే ఆరోగ్య సేవలో భాగం కాబట్టి పూర్తి స్వాతంత్ర్యం వచ్చిందనలేం. అయినా పాత స్థితి కంటే ఇది ఎంతో నయం.

ఈలోగా తూర్పు కెంట్ ఆస్పత్రుల ప్రసూతి సేవలపై నివేదిక 2022 అక్టోబరులో వచ్చింది. అక్కడ పరిశీలించిన 65 శిశు మరణాల్లో 45 తప్పే అవకాశం ఉండేదని తేల్చింది. నాటింగ్‌హామ్‌లో మరో సమీక్ష అంతకు నెల ముందే మొదలైంది. దేశమంతటా ఉండితీరాలని 2020లో రాసిన ఈ ఉద్యోగం మాత్రం కొన్ని ఎంపిక చేసిన ప్రాంతాల్లో, ప్రయోగంగానే మొదలైంది.