సి భాషలో దిద్దరాని వ్రాత

1972 ప్రాంతమున అమెరికాలోని బెల్ ప్రయోగశాలలో డెనిస్ రిచీ రూపొందించిన 'సి' భాషలో, జంట ఉద్ధరణ చిహ్నముల నడుమ వ్రాసిన అక్షరముల వరుసకు స్థిర స్ట్రింగు అని పేరు. చివర సున్న విలువ చేరి, అది కంప్యూటరు మెమొరీలో ఒకచోట నిలుచును. ప్రోగ్రామునకు సాధారణముగా చిక్కునది మొదటి అక్షరపు చిరునామా మాత్రమే.

తొలిదినములలో ఈ వ్రాతను దిద్దుటకు అడ్డు లేదు. ఒకే విధముగా వ్రాసినను ప్రతి స్ట్రింగు వేరుగా నుండునని 1978 నాటి కెర్నిగాన్, రిచీల గ్రంథము చెప్పినది. తరువాత కంపైలరులు పొదుపునకై ఒకే రూపముగల స్ట్రింగులకు ఒకే ప్రతి నుంచి, దానిని వ్రాయుటకు వీలులేని భాగములో చేర్చసాగినవి. పాత ప్రోగ్రాములు కొన్ని నడుమనే కూలినవి. యూనిక్సులో తాత్కాలిక ఫైలుకు పేరు కల్పించు 'ఎమ్‌కెటెంప్' అను ఫంక్షను, తనకిచ్చిన పేరు చివరనున్న ఆరు 'ఎక్స్' అక్షరములను అక్కడికక్కడే మార్చును. దానికి స్థిర స్ట్రింగు నిచ్చినవారు చిక్కుపడిరి. వారి కొరకు జిసిసి కంపైలరు ఉంచిన వెసులుబాటు 2005లో నాల్గవ కూర్పుతో తొలగినది.

మార్చరాదని తెలుపు 'కాన్‌స్ట్' అను మాటకు మూలము స్ట్రూస్ట్రుప్ ఆలోచన. 1989 నాటి అమెరికా ప్రమాణము దానిని సిలో చేర్చినది. స్థిర స్ట్రింగును మార్చినచో ఫలితమిట్లుండునని చెప్పజాలమనియు పలికినది. అయినను స్ట్రింగునకే ఆ ముద్ర వేయలేదు! వేసియున్నచో అదివరకటి ప్రోగ్రాములెన్నో తప్పులుగా తేలెడివి. రాజీ సబబే; కాని దాని భారము ప్రోగ్రాము వ్రాయువారిపై పడినది. కాన్‌స్ట్ ప్రయోజనముపై రిచీకే సందేహముండెను. 1988లో ఆయన వ్రాసిన లేఖ దీనికి సాక్ష్యము.

ప్రోగ్రాములను పరీక్షించునపుడు ఈ చిక్కు మరింత సూక్ష్మము. చిన్న అక్షరములను పెద్దవిగా మార్చు ఫంక్షనునకు స్థిర స్ట్రింగు నిచ్చినచో పరీక్షయే కూలవచ్చును. తప్పు ఫంక్షనుది కాదు. అక్షరముల శ్రేణి నొకటి ప్రకటించి, స్ట్రింగును అందులోనికి నకలు చేసి ఇయ్యవలెను. కూలిన పరీక్ష నయము, కనీసము కంటబడును. మోసకరమైనది పోలిక. సమానత్వ చిహ్నము ఇచట చిరునామాలనే పోల్చును. కంపైలరు రెండు స్ట్రింగులను ఒకటిగా కలిపియున్నచో తప్పుడు పరీక్షయు నెగ్గును. కలుపుట మానిన మరియొక కంపైలరు చేతిలో అదే ఓడును. అక్షరములను పోల్చుటకు 'స్ట్ర్‌కంప్' ఫంక్షను కలదు.

స్ట్రింగును చదువుట మాత్రమే చేయు ఫంక్షను దానిని కాన్‌స్ట్‌గా స్వీకరించినచో, లోపలి పొరపాటును కంపైలరే పట్టును. స్థిర స్ట్రింగులన్నిటిని కాన్‌స్ట్‌గా నెంచి హెచ్చరించు సదుపాయము జిసిసిలో గలదు. సి ప్రోగ్రాములకు అది సాధారణ హెచ్చరికలలో చేరదు; పేరుపెట్టి అడుగవలెను.