లోపం నుంచి ఎంపిక వరకు: ఛాయాచిత్రంలో రిక్తస్థలం, వస్తుస్థాపన

ఉపోద్ఘాతం

చట్రంలో అధికభాగాన్ని ఖాళీగా విడిచి, ఒక చిన్న వస్తువును ఏదో ఒక చోట నిలిపే ఛాయాచిత్రాలను నేడు 'మినిమలిస్టు' చిత్రాలంటున్నారు. ఈ పేరు ఆలస్యంగా వచ్చినది. 1965లో తత్త్వవేత్త రిచర్డ్ వోల్‌హైమ్ ప్రకటించిన వ్యాసానికి 'మినిమల్ ఆర్ట్' అన్నది శీర్షిక. మరుసటి సంవత్సరం న్యూయార్క్‌లోని జ్యూయిష్ మ్యూజియంలో జరిగిన 'ప్రైమరీ స్ట్రక్చర్స్' ప్రదర్శన ఆ ధోరణిని శిల్పకళలో స్థిరపరచింది. ఛాయాచిత్రకళకు ఆ పేరు అన్వయించింది అటు తరువాతనే. పద్ధతి మాత్రం పేరుకంటే చాలా పాతది.

ఇక్కడ చిత్రలేఖనానికీ ఛాయాచిత్రానికీ ఉన్న మౌలికభేదాన్ని గుర్తించాలి. చిత్రకారుని ముందున్న కాగితం మొదటే ఖాళీగా ఉంటుంది. గీసిన మేరకే నిండుతుంది. కెమెరా ముందున్న లోకం నిండుగా ఉంటుంది. ఛాయాగ్రాహకుడు ఖాళీని సంపాదించుకోవలసి ఉంటుంది. ఆ సంపాదన ఎలా జరిగిందన్నదే ఈ వ్యాసం పరిశీలించే అంశం.

తెల్లని ఆకాశం

విచిత్రమేమంటే, తొలి తరాల ఛాయాగ్రాహకులకు ఖాళీ అయాచితంగా దొరికింది. వారు దానిని వరమనుకోలేదు. ఫ్రెడరిక్ స్కాట్ ఆర్చర్ 1851లో వెల్లడించిన తడి కొలోడియన్ గాజుపలక నీలికాంతికి అతిగా స్పందించేది; ఆకుపచ్చ, ఎరుపు వర్ణాలకు దాదాపు స్పందించేది కాదు. నేలమీది చెట్లు, గోడలు స్పష్టంగా పడేంతసేపు పలకను వెలుగుకు తెరచి ఉంచితే, ఆ లోపే ఆకాశం మితిమీరి మాడిపోయేది. అచ్చువేసిన కాగితం మీద మేఘమన్నది లేని తెల్లని మైదానం మిగిలేది. అనాటి అభిరుచికి అది లోపం. 1856-57 సంవత్సరాలలో గుస్తావ్ లెగ్రే తన సముద్రదృశ్యాలలో కొన్నింటికి కెరటాలను ఒక నెగటివ్ నుంచి, మేఘాలను వేరొక నెగటివ్ నుంచి తీసుకొని ఒకే కాగితంపై కలిపాడు. అంత శ్రమ ఖాళీని పూడ్చడానికే.

అమెరికా భూగర్భ పరిశోధక బృందంతో 1867లో నెవాడాకు వెళ్లిన తిమోతీ ఓసల్లివన్ ఆ ఖాళీని పూడ్చలేదు. కార్సన్ ఎడారి ఇసుకదిబ్బలలో అతడు తీసిన ప్రసిద్ధ చిత్రంలో కంచరగాడిదలు పూన్చిన అతని చీకటిగది బండి నిలిచి ఉంటుంది. బండి నుంచి కెమెరా దిక్కుగా అడుగుజాడలు వస్తాయి. మిగిలినదంతా ఇసుక, తెల్లని ఆకాశం. నేటి పాఠకుడు దీనిని మినిమలిజానికి పూర్వరూపంగా చూడడం సహజం. అయితే ఆ తెలుపును పుట్టించింది రసాయనం. పైగా ఆ పరిశోధన అమెరికా యుద్ధశాఖ నిధులతో సాగింది. ఆ ఎడారి ఉత్తర పైయూట్ జనుల నివాసభూమి. చిత్రంలో ఖాళీగా కనిపించిన నేల నిజంగా ఖాళీ కాదు. రిక్తస్థలాన్ని ప్రశాంతతకు పర్యాయంగా మాత్రమే చదివే అలవాటును ఈ చిత్రం ముందు కొంత ఆపుకోవాలి.

1873లో హెర్మన్ ఫోగెల్ రంగుల అద్దకంతో పలకల స్పందనను విస్తరింపజేశాడు. 1906 నాటికి అన్ని వర్ణాలనూ గ్రహించే పాంక్రోమాటిక్ పలకలు అంగడికి వచ్చాయి. మేఘాలు చిక్కడం మొదలైన తరువాతనే ఖాళీ ఆకాశం ఒక ఎంపిక కాగలిగింది. అదే కాలంలో తూర్పు ఆసియా దృష్టి కూడా తోడైంది. దృశ్యాన్ని ఒక మూలకు చేర్చి తక్కినదంతా విడిచిపెట్టినందుకు 'ఒంటిమూల మా' అనిపించుకున్న దక్షిణ సోంగ్ ఆస్థాన చిత్రకారుడు మా యువాన్ సంప్రదాయం, జపాను చిత్రాల ద్వారా పాశ్చాత్యుల కంటబడింది. ఆర్థర్ వెస్లీ డౌ 1899లో ప్రకటించిన 'కాంపొజిషన్' గ్రంథం వెలుగునీడల పంపకాన్నే పాఠంగా చేసింది. అతని వద్ద చదువుకున్నవారిలో ఛాయాగ్రాహకుడు ఆల్విన్ లాంగ్‌డన్ కోబర్న్ ఒకడు.

వస్తువు ఎక్కడ నిలవాలి?

చట్రాన్ని మూడుగా విభజించి, ముఖ్యవస్తువును మూడోవంతు గీత మీద నిలపాలన్న నియమం ఛాయాచిత్రం కంటే ముందుది. జాన్ థామస్ స్మిత్ 1797లో గ్రామీణదృశ్యాలపై రాసిన పుస్తకంలో దీనికి పేరు పెట్టాడు. నేటికీ శిక్షణపుస్తకాలు దీనినే వల్లిస్తున్నాయి. అయితే రిక్తస్థలాన్ని గంభీరంగా వాడినవారు ఈ నియమాన్ని పాటించిన సందర్భాల కంటే దాటిన సందర్భాలే ఎక్కువ బోధిస్తాయి. హారీ కలహన్ 1949లో షికాగోలో తీసిన చిత్రంలో భార్య ఎలినార్ తల నీటి నుంచి చట్రం నడుమనే పైకి వస్తుంది. కళ్లు మూసి ఉంటాయి, జుట్టు నీటిపై పరచుకుంటుంది. సుగిమోతో హిరోషీ 1980లో ఆరంభించిన సముద్రదృశ్యాలలో క్షితిజరేఖ సరిగ్గా సగంలో ఉంటుంది. అక్కడ వస్తువే లేదు. రెండు ఖాళీలు కలుసుకునే గీతే వస్తువు.

ఉయెదా షోజీ ఇసుకదిబ్బలు

ఈ చరిత్రలో అత్యంత విలక్షణుడు ఉయెదా షోజీ. అతడు 1913లో జపాను సముద్రతీరాన తొత్తోరి ప్రాంతంలో జన్మించి, పందొమ్మిదేళ్ల వయసులో స్వస్థలంలోనే స్టూడియో తెరిచాడు. 1939 నాటి చిత్రంలో నలుగురు బాలికలు వేర్వేరు భంగిమలలో ఒకరికొకరు ఎడంగా నిలబడి ఉంటారు. యుద్ధకాలంలో ఆగిన కృషి తరువాత మళ్లీ మొదలైంది. 1949లో తన కుటుంబాన్నే ఇసుకపై వరుసగా నిలిపి 'పాపా, మామా, పిల్లలు' తీశాడు.

వృత్తిరీత్యా అతడు ఊరి ఫొటో స్టూడియో యజమాని అన్న సంగతి ఇక్కడ కీలకం. స్టూడియో కుటుంబచిత్రంలో పెద్దలు కుర్చీల్లో, పిన్నలు వెనుక, భుజాలు తాకుతూ ఉంటారు. వెనుక తెర ఉంటుంది. ఉయెదా తెరనూ కుర్చీనీ తొలగించి, మనుషుల మధ్య దూరం ఉంచాడు. దూరాన్ని కొలిచే చెట్టుగానీ ఇల్లుగానీ ఇసుక మీద లేదు. అందువల్ల ఎవరు దగ్గరో ఎవరు దూరమో తేల్చుకోలేని చూపు, ఒక్కొక్కరి నిలుచున్న తీరు మీదికి పోతుంది. ఇది కెమెరా ముందు పకడ్బందీగా నిలిపిన దృశ్యం. అతడు దానిని దాచలేదు.

ఆ పని సరిగ్గా కానికాలంలో వచ్చింది. 1950 తరువాత దొమోన్ కెన్ నాయకత్వంలో జపాను ఛాయాచిత్రరంగం వాస్తవికత వైపు మళ్లింది. ఏర్పాటుచేసిన దృశ్యం పనికిరాదని, ఉన్నదున్నట్లు పట్టుకొనే స్నాప్‌షాటే సరైనదని దొమోన్ వాదించాడు. అతని వాదాన్ని తేలికగా తీసివేయలేము. 1958లో 'హిరోషిమా', 1960లో బొగ్గుగనుల ప్రాంతపు పిల్లలపై నూరు యెన్‌ల చౌకపుస్తకం వెలువరించినవాడు అతడు. ఓడిపోయి, ఆకలిగొన్న దేశంలో ఖాళీ ఇసుకపై మనుషులను అందంగా నిలపడం బాధ్యత నుంచి తప్పుకోవడమే అనిపించడం సహజం. ఆ దశకంలో ఉయెదా ఇసుకదిబ్బల చిత్రాలు ఆదరణ కోల్పోయాయి. అయినా వాటిని పలాయనమనడం న్యాయం కాదు. ఓసల్లివన్ నెవాడాలో నేలపై మనుషులు లేరన్న భ్రమ కలుగుతుంది. ఉయెదా తీరంలో ఆ నేలవారే ఉన్నారు. ఖాళీ వారిని చెరిపివేయదు, ఒక్కొక్కరినీ విడిగా చూపుతుంది.

1983లో అతని భార్య మరణించింది. ఎన్నో చిత్రాలలో ఆ ఇసుకపై నిలబడినది ఆమే. అటు తరువాత కుమారుని ప్రోత్సాహంతో ఫ్యాషన్ చిత్రాల కోసం ఉయెదా మళ్లీ ఇసుకదిబ్బలకు వెళ్లాడు. డెబ్బై ఏళ్ల వయసులో ఆరంభించిన 'ఇసుకదిబ్బల మోడ్' వరుస అతని పేరును కొత్తతరానికి చేర్చింది. 1995లో తొత్తోరిలోని హోకిలో వాస్తుశిల్పి తకమత్సు షిన్ రూపొందించిన ఉయెదా మ్యూజియం తెరుచుకుంది. కాంక్రీటు కట్టడాల మధ్య ఎడాలు విడిచారు, ఆ ఎడాలలో నీరు నిలిపారు. ఆకాశం తేటగా ఉన్న రోజున దైసెన్ పర్వతం ఆ ఎడంలో ఒకసారి నిటారుగా, నీటిలో ఒకసారి తలకిందులుగా కనిపిస్తుంది.