కాసు – క్యాషు – నగదు: ఒక పదవిచారము

ఆంగ్లమునందలి ‘క్యాష్’ అను పదము మన ‘కాసు’ నుండి పుట్టినదని పలువురు సగర్వముగా చెప్పుదురు. ఇందు సగమే సత్యమని మా అభిప్రాయము.

ఆంగ్లమున రూపసామ్యము గల ‘క్యాష్’ పదములు రెండు కలవు. చేతియందలి ద్రవ్యమును తెలుపు పదము లాటిను ‘కాప్సా’ సంతతి. పెట్టె యని దాని మూలార్థము. చిల్లర నాణెమును తెలుపు పదము మాత్రము ద్రావిడభాషల ‘కాసు’ నుండి పోర్చుగీసు వారి ద్వారమున వెడలినది. చైనా రాగినాణెములను సైతము ఆంగ్లేయులు ఈ పేరనే పిలిచిరి. చెన్నపట్టణపు కుంఫిణీ లెక్కలో 80 కాసులు ఒక ఫణము, 42 ఫణములు ఒక వరహా. 1818లో రూపాయి ప్రమాణమైన పిదప ఈ లెక్క వెనుకబడినది.

మంచిర్యాల చెంత, బొగ్గుగనుల సీమయైన నస్పూరున ఈ పదచరిత్ర వేరు. ఇది నిజాము రాజ్యభాగము. ఇచట చెలామణియైనది హాలీ సిక్కా. ఆంగ్లేయుల రూపాయి యంత్రముద్రితమగుటచే ‘కల్దారు’ అనిపించుకొన్నది. 1950లో హాలీ 7 రూపాయలు భారత రూపాయలు 6కు సమము. 1959లో హాలీ చెలామణి ముగిసినది. ఈ సీమలో బంగారమును నేటికిని తులములలో లెక్కింతురు గాని కాసులలో కాదు. చేతిసొమ్మునకు ఇచటి మాట అరబ్బీనుండి వచ్చిన ‘నగదు’.

‘నగదు’ అర్థము దాని ఎదుట నిలుచు పదమును బట్టి మారుచుండుట గమనింపదగినది. గింజలు కూలిగా కొలిచిన కాలమున నగదనగా ధాన్యము కానిది. కిరాణాకొట్టులో నగదనగా ఉద్దెర కానిది. నేడు నగదనగా ఫోనున చెల్లింపనిది. ఫోనున చెల్లించినవాడు బాకీపడడు. కొట్టువాని పాత లెక్కలో అది నగదు బేరమే. కాని నేటి వాడుకలో కాదు.

2016 నవంబరు 8న పెద్దనోట్లు రద్దయిన పిదప ‘నగదురహితము’ అను సమాసము ప్రశంసావాచకముగా వ్యాపించినది. ‘చేతిలో నగదు లేదు’ అను వాక్యము మాత్రము లేమినే తెలుపుచున్నది. నోట్లు తప్ప వేరు సాధనమెరుగని వృద్ధురాలికి ఈ రెండర్థముల నడిమి దూరము బియ్యము కొనగలుగుటకును, కొనలేకుండుటకును గల దూరము. నిఘంటుకారులు ‘నగదు’నకు ‘రొక్కము’ అని మాత్రమే వ్రాసి విరమించినచో ఈ చరిత్ర మరుగుపడును. పదము ఎచట పుట్టినదను గర్వము కంటె, అది ఎవరి చేత ఏమి కొనిపించినదను విచారము మనకు అధికముగ ఆవశ్యకము.